వేలు లేపితే మోగేది

ఆ ఎండాకాలం మా సాలెవాడలో మగ్గాలు ఆగిపోయాయి. యుద్ధం ముగిసిన ఏడు అది. నూలు సర్కారు కంట్రోలులోకి పోయింది. చీటీ మీద ఇస్తామన్న నూలు ఉగాదికి రాలేదు, శ్రీరామనవమికీ రాలేదు. పొద్దున లేస్తే మగ్గాల నాడెల చప్పుడుతో నిండి ఉండే వీధి మాట పడిపోయినట్టు ఊరకుంది. ఆ ఊరక ఉండడంలోనే నా కొడుకుకు చెవులు వినబడవని నాకు తెలిసింది.

రాజేశానికి అప్పటికి తొమ్మిది నెలలు. పురుడు వెళ్ళిన నాటి నుంచి మగ్గం గుంట పక్కనే వాడి ఉయ్యాల. మా ఆయన కాలు తొక్కి నాడె విసిరితే నేల అదిరేది. వాడు కదలకుండా నిద్రపోయేవాడు. మా అత్త చంద్రవ్వకు అది ఎంత గొప్పో. సాలోని కడుపున పుట్టినోడు, మగ్గం సప్పుడే వానికి జోలపాట అని చూడవచ్చిన ప్రతి మనిషికీ చెప్పేది. వాడు మాటిమాటికీ లేవకపోవడం నాకూ సుఖంగానే ఉండేది. నూలు కండెలు చుట్టుకుంటూ వాణ్ణి చూసి మురిసేదాన్ని. వాడలో మిగతా పిల్లలు మగ్గం ఆగగానే లేచి ఏడ్చేవాళ్ళు. మా వాడు ఆగినా లేవడు, సాగినా లేవడు. అందులో తేడా ఉందని మాలో ఒక్కరికీ తోచలేదు.

మగ్గం ఆగిన పదిరోజులకు కాబోలు, మధ్యాహ్నం గూట్లోంచి ఇత్తడి చెంబు జారి బండ మీద పడింది. నేను అదిరిపడ్డాను. వాకిట్లో పడుకున్న పిల్లి గోడెక్కింది. రాజేశం నాకు వీపు పెట్టి కూర్చుని ఖాళీ కండెను చప్పరిస్తున్నాడు. దాన్ని నోట్లోంచి తీసి, తిప్పి చూసి, మళ్ళీ నోట్లో పెట్టుకున్నాడు.

ఇంట్లో ఎవరూ లేరు. చెంబు తీసి నేనే మళ్ళీ పడేశాను. వెనక నుంచి చప్పట్లు కొట్టాను, పేరు పెట్టి పిలిచాను, చివరకు చెవి దగ్గర నోరు పెట్టి అరిచాను. నా ఊపిరి తగిలి చక్కిలిగిలి అయిందేమో, మెడ వంచి నవ్వాడు.

ఈ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. కారణం ఉంది. మా అమ్మ తమ్ముడు సాయిలు మామ పుట్టుచెవిటివాడు, మాట రాదు. చంద్రవ్వ వాళ్ళు నన్ను చూసుకోవడానికి వచ్చిన రోజు మా వాళ్ళు ఆయనను వర్గల్‌లో చుట్టాలింటికి పంపి, వీళ్ళు లేచి పోయేదాకా రానివ్వలేదు. పెళ్ళికీ రానివ్వలేదు. నా చదువు మూడో తరగతిలోనే మాన్పించారు గానీ, అత్తవారింట్లో ఏది చెప్పాలో ఏది చెప్పకూడదో మాత్రం మా అమ్మ పూర్తిగా నేర్పి పంపింది. ఈ చెవుడు నా పుట్టింటి నుంచి వచ్చిందని తేలితే పిల్లవాడితో సహా నన్ను ఆ పుట్టింటికే పంపేస్తారు. అంతకన్నా వేరే ఆలోచన నాకు రాలేదు. ఆ రోజు నుంచి ఎవరు వాణ్ణి పిలవబోయినా నేను ముందుగా వెళ్ళి ఎత్తుకునేదాన్ని. పిల్లవాణ్ణి చంకనుంచి దింపదని మా అత్త దెప్పేది.

నూలు పెట్టుకునే బయటి గది ఖాళీగా ఉందని ఆ నెలలోనే మా అత్త దాన్ని కిరాయికి ఇచ్చింది. వచ్చినామె రూతమ్మ. దవాఖానలో కాన్పులు చూసే నర్సు. కిరస్తానపామె అయినా గదికి వీధివైపు వేరే తలుపు ఉంది కదా అని మా అత్త సరిపెట్టుకుంది. పెరటివైపు తలుపు మాత్రం దాటి రావద్దని మొదటి రోజే చెప్పింది. రూతమ్మ ఒక ట్రంకు పెట్టె, ఒక పరుపుచుట్ట, ఒక గిటారు తెచ్చుకుంది. ఆమెకు పని నేర్పిన దొరసాని తన దేశానికి పోతూ ఇచ్చిన గిటారట. మా వాడలో అలాంటిది ఎవరూ చూడలేదు.

"గిదేంది నర్సమ్మా, తంబురకు నడుము పెట్టిన్రా?" అని అడిగింది మా అత్త.

"పెట్టిన్రవ్వా. నా నడుము కంటె దానిదే సన్నగున్నది" అంది రూతమ్మ. మా అత్త నవ్వింది. ఆ నెల రోజులూ వాళ్ళిద్దరికీ మంచిగానే సాగింది.

దవాఖాన నుంచి వచ్చాక పగటి మూడో జాములో రూతమ్మ పెరటి తలుపు గడప మీద కూర్చుని వాయించుకునేది. నేను గడపకు నాలుగడుగుల దూరంలో రాజేశాన్ని కాళ్ళ మధ్య కూర్చోబెట్టుకుని బియ్యం ఏరుకునేదాన్ని. ఆమె తీగలన్నీ గలగలమని మీటినా వాడు తల ఎత్తేవాడు కాదు. ఒకరోజు పాట చివర ఆమె ఒక్క తీగను ఏదో చేసింది. అప్పటిదాకా వచ్చిన చప్పుడు కాదది. దూరాన చిన్న గంటను ఒక్కసారి కొట్టి వదిలినట్టు, సన్నగా, పైకి లేచి, గాలిలో నిలబడింది. రాజేశం తల ఎత్తి ఆమెను చూసి కిలకిల నవ్వాడు.

నా చేతిలో చాట వంగి బియ్యం నేల పాలయ్యాయి. మళ్ళీ వాయించమన్నాను. మళ్ళీ నవ్వాడు. మూడోసారీ నవ్వాడు.

మరునాడు మా అత్త బయటికి పోయేదాకా చూసి అడిగాను. "అక్కా, గట్ల వాయించుడు నాకు నేర్పుతరా?"

"పాటనా?"

"పాట వద్దు. గా గంట సప్పుడొక్కటే."

ఆమె దానికి హార్మోనిక్ అని ఇంగ్లీషు పేరు చెప్పింది. నాకు నోరు తిరగలేదు. ఎందుకో అడుగుతుందని భయపడ్డాను గానీ అడగలేదు. గిటారును గడప మీద పెట్టి తాను రెండడుగులు వెనక్కి జరిగింది. నేను ఇవతలి నుంచి తీసుకున్నాను. అప్పుడు ఆమె జరగడం నాకు మామూలుగానే అనిపించింది.

రెండు మూడు నెలలు పట్టే విద్య కాదది, కానీ చిక్కు విద్య. గిటారు మెడ మీద అడ్డంగా ఇత్తడి మెట్లు ఉంటాయి. పన్నెండో మెట్టు దగ్గర తీగ సరిగ్గా సగమవుతుంది. అక్కడ ఎడమ వేలును తీగ మీద ఆనించాలి, నొక్కకూడదు. కుడి చేత్తో మీటాలి. మీటిన మరుక్షణం వేలు తీసెయ్యాలి. నొక్కితే మామూలు చప్పుడు వస్తుంది. వేలు తియ్యడం ఆలస్యమైతే చప్పుడు అక్కడే చచ్చిపోతుంది. ముందే తీస్తే ఉత్త తీగ మోగుతుంది. వేలు మెట్టుకు వెంట్రుకవాసి అటూ ఇటూ పడినా ఏదీ రాదు.

మొదటి వారం నాకు వచ్చిందల్లా కర్ర మీద కొట్టినట్టు టకటక. నా చెయ్యి బరువు అనేది రూతమ్మ.

"తీగెను పట్టుకుంటున్నవు సత్తెమ్మా. పట్టుకోకు. ఉన్నవని దానికి తెలిస్తె సాలు."

ఒకరోజు ఇక చూడలేక వంగి నా వేలు తన వేళ్ళతో పట్టుకుని తీగ మీద ఆనించింది. ఎంత తేలికగా ఆనాలో అప్పుడే తెలిసింది. ఆ రోజు ఇంట్లోకి పోయే ముందు నేను తొట్టి దగ్గర ఆగి మోచేతుల దాకా చేతులు కడుక్కున్నాను. తల తిప్పితే ఆమె గడపలో నిలబడి చూస్తోంది. మరునాడు మళ్ళీ వేలు పట్టి నేర్పింది. నేను మళ్ళీ కడుక్కున్నాను. నేర్చుకున్నన్ని రోజులూ అట్లాగే చేశాను.

రాట్నం మీద కండె చుట్టేటప్పుడు నూలుపోగు మన వేళ్ళ సందునుంచి నడుస్తుంది. గట్టిగా పడితే తెగుతుంది, వదిలేస్తే కండె వదులవుతుంది. ఆ పట్టు నాకు చిన్నప్పటి నుంచీ ఉంది. దాన్ని గిటారు తీగ మీదికి తెచ్చుకున్నాక చప్పుడు కొంచెం కొంచెం రావడం మొదలైంది. పదిసార్లకు ఒకసారి, తర్వాత ఐదుసార్లకు ఒకసారి.

మూడో వారంలో రూతమ్మకు తెలిసిపోయింది. నేను తీగ మీద వంగి ఉండగా ఆమె గడప అవతలే, రాజేశం వెనక నిలబడి రెండు చేతులూ ఒక్కసారి చరిచింది. వాడు చీమను చూస్తున్నాడు, చూస్తూనే ఉన్నాడు.

"పిల్లగానికి ఇనబడ్తలేదు. నీకెరుకనే గదా" అంది.

నేను గిటారు పక్కన పెట్టి ఏడ్చాను. సాయిలు మామ సంగతి కూడా చెప్పేశాను. పెళ్ళయ్యాక ఆ పేరు నా నోటి నుంచి రావడం అదే మొదలు. ఎవరికీ చెప్పవద్దని చేతులు జోడించాను.

"నువ్వు చెప్పేదాక నేను చెప్ప" అంది ఆమె.

"గా గంట సప్పుడు ఇనబడ్తున్నదక్కా వానికి. అది మోగితె చూస్తుండు."

"చూస్తుండు, నిజమే." ఆమె గిటారును మళ్ళీ నా ముందుకు జరిపింది. "మంచిగ నేర్చుకో. తప్పకుంట వచ్చిన్నాడు వాని ఎనుకకు పోయి కూసోని వాయించు."

ఎందుకు వెనక అని నేను అడగలేదు. ఆ ఒక్క చప్పుడు వాడికి అందితే దాని వెనకే మిగతావీ ఒకటొకటిగా అందుతాయని నా ఆశ. వాడలో ఎవరూ వాడి ముఖంలో ఏమీ కనిపెట్టకముందే నేను వాణ్ణి ఆ దారిన నడిపించుకుంటాననుకున్నాను. పొయ్యి దగ్గర కూర్చున్నా నా ఎడమ వేలు గాలిలో ఆనడం, లేవడం చేస్తుండేది.

రోహిణి ఎండల్లో ఒక మధ్యాహ్నం వరసగా పది సార్లు మీటితే పది సార్లూ గంట మోగింది. రూతమ్మ గదిలోంచే మంచిగున్నది అంది. నేను రాజేశం వెనకకు వెళ్ళి కూర్చున్నాను. వాడు గోడ వైపు తిరిగి ఉన్నాడు. సన్న తీగ మీద వేలు ఆనించి మీటాను. అంత చక్కగా ముందెన్నడూ రాలేదు. వాడు తిరగలేదు. లావు తీగ మీద మీటాను. తిరగలేదు. ఆరు తీగలూ అయ్యాయి.

లేచి వాడి ముందుకు వచ్చి కూర్చున్నాను. ఈసారి తీగను మీటలేదు. వేలు ఆనించి, చప్పుడు లేకుండా, చెయ్యి మాత్రం పైకి లేపాను.

వాడు కిలకిల నవ్వాడు.

రూతమ్మ గడప దగ్గరికి వచ్చింది. నేను గిటారును గడప మీద పెట్టాను. ఆ రోజు చేతులు కడుక్కున్నానో లేదో గుర్తు లేదు.

మిరుగు కార్తె మొదటి వాన పగటిపూటే వచ్చింది. మా అత్త రాజేశాన్ని ఒళ్ళో పెట్టుకుని పంచలో కూర్చుంది. పక్కింటి ఎల్లవ్వ కూడా ఉంది. పిడుగు ఎక్కడో దగ్గరలోనే పడింది. ఇంటి పెంకులు గలగలలాడాయి. ఎల్లవ్వ చెవులు మూసుకుంది, మా అత్త ఒళ్ళంతా జలదరించింది. ఒళ్ళో పిల్లవాడు చూరు నుంచి జారే నీళ్ళ కోసం చెయ్యి చాపుతూ ఉన్నాడు. మా అత్త వాణ్ణి చూసింది. లేచి పళ్ళెం తెచ్చి వాడి వెనక గరిటెతో కొట్టింది. మళ్ళీ కొట్టింది. ఆ తర్వాత ఆమె పెట్టిన ఏడుపు వాడంతా వినబడింది.

నేను వంటింటి వాకిలి పట్టుకుని నిలబడ్డాను. మా ఆయన తడుస్తూ వచ్చాడు. మా అత్త ఏడుపు మధ్యలోనే కారణం వెతకడం మొదలుపెట్టింది. ఆమె మాట తిరుగులేనిది. పుట్టినప్పుడు పిల్లవాడు మంచిగున్నాడు, మగ్గం సప్పుడుకు జోల పాడినట్టు పండేవాడు, ఇనబడకుంటె ఎట్ల పంటడు? వాడలో అందరూ చూసిందే. ఎల్లవ్వ అవునంది. నాలుగిళ్ళ వాళ్ళు వచ్చి అవునన్నారు. సాలెవాడలో ఆ లెక్కను కాదనగలిగినవాడు లేడు. ఇక మగ్గం ఆగినాక ఇంట్లోకి వచ్చిన కొత్త చప్పుడు ఏది? పిల్లవాడి చెవుల దగ్గర రోజూ టింగుమని మోగింది ఏది?

రూతమ్మ దవాఖాన నుంచి అప్పుడే వచ్చింది. గదిలోంచి గిటారును పెరట్లోకి తెమ్మన్నారు, తెచ్చింది. వానలో దాన్ని కొంగు కింద పెట్టుకుని నిలబడింది. మా ఆయన చెడ్డవాడు కాదు. వాళ్ళనూ వీళ్ళనూ ఊరుకోమని నా వైపు తిరిగాడు.

"నువ్వు తల్లివి, నువ్వు చెప్పు. గీమె రాకముందు పిల్లగానికి ఇనబడేదా?"

రూతమ్మ నన్ను చూసింది. ఆ చూపులో అడగడం లేదు. నా నోటి నుంచి ఏది వస్తే దానికి నిలబడినట్టు ఉంది.

"ఇనబడేది" అన్నాను.

ఆమె గిటారుతో గదిలోకి పోయింది. నాలుగు గంటల కల్లా పెట్టె సర్దుకుంది. గది కడిగి పేడతో అలకమని మా అత్త నన్నే పంపింది. నేను నీళ్ళ బకెట్టుతో పోయేసరికి ఆమె పరుపుచుట్టకు తాడు కడుతోంది. ఎందుకు చెప్పలేదక్కా, నువ్వన్నా చెప్పకపోతివి అన్నాను. తప్పు నేను చేసి ఆమెనే అడిగాను.

"నాకు ఇంకోకాడ జాగ దొరుకుతది. నీకు దొరకది" అంది. తాడు ముడి వేసి లేచింది. "పిల్లగాడు చేతులు చూస్తడు, చూసినవు గదా. చేతులతోని మాట్లాడు. అన్నానికొకటి, నీళ్ళకొకటి. రోజు అదే చేసి సూపియ్యి. నడుమ ఇడువకు."

ఆమె వీధి తలుపులోంచి వెళ్ళింది. నేను బకెట్టు వంచి ఆమె నిలబడిన చోటు కడిగాను.

తర్వాత నూలు వచ్చింది, మగ్గాలు నడిచాయి. మా వాడలో కాన్పులకు రూతమ్మను పిలవడం మానేశారు. ఊరి అటు కొసన ఎక్కడో ఉంటుందని విన్నాను. పోలేదు. చేతులతో మాట్లాడడం మాత్రం ఆ మరునాడే మొదలుపెట్టాను. ఏడాది దాటాక వాడు మొదటిసారి తన చేత్తో నీళ్ళడిగాడు. మూడేళ్ళకు ఇంట్లో రోజూ పనిపడే వాటన్నిటికీ ఒక గుర్తు ఉంది. నాయనమ్మ అంటే ఆకు నమిలే బుగ్గ. నాయిన అంటే తొక్కే కాలు. మా అత్త ఇప్పుడు దాన్ని కూడా గొప్పగానే చెప్పుకుంటుంది. మా కోడలు మూడు తరగతులే చదివింది గాని, దాని తెలివి ఏ పంతులుకున్నది అంటుంది. అట్లా అన్నప్పుడల్లా నేను ఏదో పని ఉన్నట్టు లోపలికి పోతాను. నాలుగేళ్ళు అట్లాగే పోయాను.

మొన్న దసరా ముందు ధూళిమిట్ట నుంచి మల్లమ్మ అనే ఆమె వచ్చింది. ఎవరో చెప్పారట. ఆమె వెంట ఐదేళ్ళ పిల్ల ఉంది, వినబడదు, మాట లేదు. రాజేశం ఆ పిల్లకు నీళ్ళ గుర్తు చేసి చూపించాడు. ఆ పిల్ల వాడి చేతుల వైపే కళ్ళప్పగించి చూసింది. మల్లమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

"గివన్ని నీకు ఎవలు నేర్పిన్రు చెల్లె? నాకు సుత జెర వాళ్ళ కాడికి తొవ్వ చెప్పు. నడిచి పోత."

"మా కోడలికి ఎవలు నేర్పాలె? తల్లి గాదు?" అంది మా అత్త, ఆకుకు సున్నం రాస్తూ.

నేను లోపలికి పోవడానికి లేచాను కూడా. ఆ పిల్ల వాకిట్లో కూర్చుని, చూసింది చూసినట్టు, నీళ్ళ గుర్తు తప్పుగా చేస్తోంది. బొటనవేలు నోటికి పెట్టవలసింది గడ్డానికి పెడుతోంది. నాకు తెలిసినవి పాతిక గుర్తులు. ఆ పిల్లకు అవి చాలవు. ఆ దారి నాకు చూపినామె ఎవరో నాకు తెలుసు.

"రూతమ్మ నేర్పింది" అన్నాను. "దవాఖానల అడుగు, చెప్తరు."

మా అత్త చెయ్యి ఆకు మీద ఆగింది. "ఏ రూతమ్మ? మన పిల్లగాని చెవులు పోగొట్టిన రూతమ్మనా?"

మా ఆయన మగ్గం గుంటలోంచి తల ఎత్తాడు. మల్లమ్మ నన్నూ మా అత్తనూ మార్చి మార్చి చూస్తోంది. నిలబడి చెప్పలేక మా అత్త ముందు కింద కూర్చున్నాను.

"అత్తా, ఆమె మనింట్లకు రాకముందే వానికి ఇనబడది. నాకప్పుడే ఎరుక. మా సాయిలు మామ అని ఒకాయన ఉన్నడు. నీకు ఎన్నడు చెప్పలే."